కొత్తవాడ మగ్గం గదిలో ఫిఫ్టీ: కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్

ఈ లెన్స్ నా చేతిలో చూసినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే. "అక్కా, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ మంచిగ వస్తదా?" వస్తుంది, చాలా బాగా వస్తుంది. కానీ అంతమాత్రం కోసమే దీన్ని కొంటే సగం లెన్స్ కొన్నట్టే. దీని అసలు బలం వెలుతురులో ఉంది. చీకటి గదిలో, ఫ్లాష్ లేకుండా, మనిషి పని ఆపకుండా ఫోటో తీయగలగడం నాకు దీనితోనే సాధ్యమైంది. బ్లర్ సంగతికొస్తే, ఎంత కావాలో మనమే తేల్చుకోవాలి. మన దగ్గర చాలామంది ఎఫ్ 1.8 పెట్టి, అంటే లెన్స్‌ను పూర్తిగా తెరిచి, ఇక అక్కడి నుంచి కదలరు. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ళ కోసం.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తాడు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు, కానీ నేసేవాళ్ళ ముఖాలు ఎవరికీ తెలియవు. ఆ పని ఫోటోల్లో ఉండాలన్నది నా పట్టుదల. డిగ్రీ అయ్యాక హనుమకొండలో ఒక స్టూడియోకు పెళ్ళిళ్ళు, పసుపు ఫంక్షన్లు తీస్తున్నాను. పెళ్ళికూతురు గదిలో, ఆడవాళ్ళ మధ్య తీయాల్సి వచ్చినప్పుడు నన్నే పంపిస్తారు. కెమెరా కెనాన్ 1500డి. దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే చాలాకాలం నెట్టుకొచ్చాను. అది చెడ్డ లెన్స్ కాదు, బయట వెలుతురులో దానికి వంక పెట్టలేం. మా మగ్గం గదిలోకి వస్తేనే అది చేతులెత్తేస్తుంది.

మాది పెంకుటిల్లు. మగ్గం గదికి ఒక కిటికీ, పైన రెండు అద్దం పెంకులు, ఒక బల్బు. కిట్ లెన్స్‌ను 50 దాకా జూమ్ చేస్తే దాని అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓను, అంటే సెన్సార్ వెలుతురు పట్టే శక్తిని, 6400కు పెంచినా షట్టర్ తెరిచి ఉండే సేపు సెకనులో 1/15 వంతు దగ్గర ఆగుతుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. అది నా చేతి వణుకును ఆపుతుంది గానీ బాపు చేతిని ఆపదు. ఆయన పంజాతో (దువ్వెనలా పళ్ళున్న పనిముట్టు) పేకను దగ్గరికి కొట్టేటప్పుడు చెయ్యి మసకగా, ముఖం గింజలు గింజలుగా వచ్చేవి. అదే గదిలో, అదే వెలుతురులో ఈ ఫిఫ్టీని ఎఫ్ 1.8 దగ్గర తెరిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. ఐఎస్ఓను 3200కు దించినా షట్టర్ 1/80 దాకా వెళ్తుంది. పంజా పళ్ళ మధ్య పడుగు దారాలు విడివిడిగా కనిపిస్తాయి. ఆ మొదటి ఫోటో చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు.

పది రెట్లు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అపర్చర్ అంకెల దగ్గరే భయపడి ఆటో మోడ్‌కు వెళ్ళిపోతారు. లెన్స్ లోపల రేకులతో చేసిన ఒక రంధ్రం ఉంటుంది, అదే అపర్చర్. ఎఫ్ పక్కన ఉండే అంకె ఒక భాగహారం. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను, అంటే దాని పేరులో ఉన్న 50 మిల్లీమీటర్లను, ఆ అంకెతో భాగిస్తే రంధ్రం వెడల్పు వస్తుంది. 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్ళంత. 16తో భాగిస్తే 3 మిల్లీమీటర్లు, కందిగింజంత కూడా ఉండదు. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదవడానికి కారణం ఇంతే, ఇందులో బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరసలో ఒక్కో మెట్టు దాటితే లోపలికొచ్చే వెలుతురు సగమవుతుంది. వెడల్పు 1.4 రెట్లు మారితే రంధ్రం వైశాల్యం రెట్టింపో సగమో అవుతుంది కాబట్టి ఆ అంకెలు అలా వింతగా ఉంటాయి. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. దగ్గర దగ్గర పది వస్తుంది. పాకాల చెరువు కింద పొలం చేసేవాళ్ళకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అపర్చర్ తూము, షట్టర్ తూము తెరిచి ఉంచే సేపు. తూము ఎత్తు పెంచితే మడి తొందరగా తడుస్తుంది.

ఇక బ్లర్. ఎఫ్ 1.8 దగ్గర బాపు ఫోటో తీసి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ముఖం మంచిగొచ్చింది బిడ్డా. మరి నా మగ్గమేది?" అన్నాడు. మగ్గం ఆయన వెనకే ఉంది, ఫోటోలో మాత్రం గోధుమరంగు పొగలా ఉంది. అపర్చర్ గురించి నేను విన్న అన్ని పాఠాల కన్నా ఆ ప్రశ్న నాకు ఎక్కువ నేర్పింది. స్టూడియోలో వెనక తెర ఉంటుంది కాబట్టి అది మసకబారినా నష్టం లేదు. కానీ నేతగాడి వెనక మగ్గం, కుమ్మరి వెనక సారె, మిర్చి యార్డులో హమాలీ వెనక బస్తాల వరస ఫోటోలో సగం విషయం. వాటిని తుడిచేస్తే ఆ మనిషి ఎక్కడివాడో, ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. వరంగల్ మనిషికీ వైజాగ్ మనిషికీ ఫోటోలో తేడా ఉండదు.

కొలతల్లో చెప్తాను. 1500డి మీద ఈ లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, ఎఫ్ 1.8 దగ్గర ముందూ వెనకా కలిపి 11 సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా ఉంటుంది. ఎఫ్ 2.8 దగ్గర అది 17, ఎఫ్ 4 దగ్గర 24 దాకా పెరుగుతుంది. ఎఫ్ 4లో కూడా వెనక మగ్గం పూర్తిగా పదునుగా రాదు, కానీ అది మగ్గం అని చూడగానే తెలుస్తుంది. నేను మగ్గం గదిలో ఎక్కువగా వాడేది 2.8. ఐఎస్ఓ 6400, షట్టర్ 1/60. గింజలు కొంచెం వస్తాయి, రానివ్వండి. బాపు పని ఆపి నూలు చుట్టలు సర్దుకునేటప్పుడు ఎఫ్ 4కు వెళ్తాను, అప్పుడు 1/30 సరిపోతుంది.

అంకె మార్చడం ఒక్కటే దారి కాదు, నిలబడే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ఎదురుగా నిలబడి తీస్తే పంజా పట్టిన చెయ్యి ముందుకూ ముఖం వెనక్కూ పోతాయి, రెండిట్లో ఒకటే పదునుగా వస్తుంది. కొంచెం పక్కకు జరిగితే ముఖం, చెయ్యి, నేస్తున్న అంచు మూడూ కెమెరాకు దాదాపు సమాన దూరంలోకి వస్తాయి. అప్పుడు ఎఫ్ 2.2 పెట్టినా మూడూ నిలుస్తాయి. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌తో ఈ పని జరగదు. అది లెక్క కట్టి మసక వేస్తుంది, మనిషి అంచులు ఎక్కడున్నాయో ఊహిస్తుంది. మగ్గం దారాలు, చెదిరిన జుట్టు దగ్గర దానికి అంచు దొరకదు, సగం దారాలు మింగేస్తుంది. లెన్స్‌లో మసక దూరాన్ని బట్టి మెల్లమెల్లగా పెరుగుతుంది, కంటికి నమ్మకంగా ఉంటుంది.

పెళ్ళిళ్ళ విషయం. పెళ్ళికూతురును తయారుచేసే గది ఈ లెన్స్‌కు పుట్టినిల్లు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, బల్బులు ఆపేసి, ఎఫ్ 2.8 దగ్గర తీస్తే చర్మం రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. ఎఫ్ 1.8 ఎందుకు కాదంటే, మీటరు దూరంలో స్పష్టమైన లోతు రెండున్నర సెంటీమీటర్లే. అమ్మాయి ముఖం కొంచెం పక్కకు తిప్పితే ఒక కన్ను పదునుగా, రెండోది మసకగా వస్తుంది. పాపిటబిళ్ళ మీద ఫోకస్ పడితే రెండు కళ్ళూ పోతాయి. ఇంకొకటి, బాగా తెరిచిన అపర్చర్ దగ్గర మెరిసే జరీ అంచుల చుట్టూ, నగల తళుకు చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. ఇది ఈ లెన్స్‌లో ఉన్న లోపమే. 2.8కు వచ్చేసరికి చాలావరకు పోతుంది, ఎఫ్ 4కు కనబడదు. పదును కూడా అంతే. 1.8 దగ్గర కాస్త మెత్తగా, 2.8 నుంచి గట్టిగా, 4కూ 5.6కూ మధ్య అన్నిటికన్నా బాగా ఉంటుంది.

ఫంక్షన్ హాల్లో ఒక జాగ్రత్త. వెలుతురు ఎక్కువ దొరికింది కదా అని షట్టర్‌ను 1/500కు తీసుకెళ్తే చౌకరకం ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటో మీద అడ్డంగా చీకటి పట్టీలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ లైట్లు సెకనుకు 100 సార్లు వెలుతురు పెంచి తగ్గిస్తాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే పట్టీలు పోతాయి. తలంబ్రాలకు 1/100 సరిపోతుంది, బియ్యం కొంచెం సాగినట్టు వస్తేనే అందంగా ఉంటుంది.

బంధువుల గ్రూపు ఫోటోలకు మాత్రం ఈ లెన్స్ బయటికి తీయకండి. 1500డి సెన్సార్ చిన్నది కాబట్టి ఫిఫ్టీ దాని మీద 80 ఎంఎం లాగా, అంటే ఇంకా ఇరుకుగా చూస్తుంది. ఒక్క మనిషి తల నుంచి పాదాల దాకా రావాలంటేనే నాలుగు మీటర్లు వెనక్కి పోవాలి. మండపం ముందు వీడియో అన్నలు, కుర్చీలు, పిల్లలు, అంత జాగా ఎక్కడిది? అక్కడ కిట్ లెన్సే, రెండు వరసలుంటే ఎఫ్ 5.6.

బతుకమ్మ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు వేయి స్తంభాల గుడికి వెళ్తే ఇసుక వేస్తే రాలనంత జనం. పొద్దు గూకుతుంటే వెలుతురు చూస్తుండగానే తగ్గిపోతుంది. ఆ సమయంలో కిట్ లెన్స్ ఉన్నవాళ్ళు ఫ్లాష్ తీస్తారు. ఫ్లాష్ పడగానే తంగేడు పసుపు, గునుగు తెలుపు, చీరల రంగులు అన్నీ ఒకే చదునుగా అయిపోతాయి, వెనక గుడి నల్లగా మాయమవుతుంది. ఈ లెన్స్‌తో ఎఫ్ 2, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/200 దగ్గర చప్పట్లు గాలిలో ఆగుతాయి, ఆకాశంలో మిగిలిన నీలం కూడా ఫోటోలోకి వస్తుంది. వలయం తిరుగుతున్న ఆడవాళ్ళు మనకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటారు కాబట్టి ఎఫ్ 2 అయినా ఒక మనిషి మొత్తం స్పష్టంగా వస్తుంది. దూరం పెరిగితే లోతు పెరుగుతుందని ఇక్కడ కళ్ళతో చూడొచ్చు.

కానీ బతుకమ్మనే దగ్గరగా తీయాలంటే లెక్క మారుతుంది. మీటరున్నర దూరం నుంచి ఎఫ్ 1.8 దగ్గర తీస్తే లోతు ఆరు సెంటీమీటర్లు. ముందు వరస పూలు మాత్రమే వస్తాయి, శిఖరం మీద పెట్టిన పసుపు గౌరమ్మ మసకబారుతుంది. గౌరమ్మ కనబడని బతుకమ్మ ఫోటో నాకు ఒప్పదు. ఎఫ్ 8 పెట్టండి, పాతిక సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది, ఫోకస్ అంచుకూ శిఖరానికీ మధ్యలో వేయండి. ఇది పొద్దున్నే, అమ్మావాళ్ళు వాకిట్లో పేర్చేటప్పుడు వెలుతురు బాగా ఉండగా చేసే పని.

వరంగల్ గడ్డ మీద పుట్టిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు 2022లో కన్నుమూశారు. బతుకమ్మనూ తెలంగాణ పల్లె బతుకునూ ఆయన కెమెరాతో పట్టుకున్న తీరు చూడండి. మనిషి వెనక ఊరు ఉంటుంది. కొత్తగా లెన్స్ కొన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆ ఫోటోల ముందు కాసేపు కూర్చుంటే, వెనకాల ఎంత ఉంచాలో ఎంత తీసేయాలో చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుందని నా నమ్మకం.

రామప్పలో ఈ లెన్స్‌కు పని తక్కువే గానీ ఉన్న పని గొప్పది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గుడి మొత్తం ఒక్క ఫ్రేములో రావాలంటే కిట్ లెన్స్ 18 దగ్గర పెట్టుకోవాలి. చూరు కింద నల్లరాతి మదనికలను (నాట్యకత్తెల శిల్పాలను) కింద నుంచి తీయడానికి మాత్రం ఫిఫ్టీ సరిగ్గా సరిపోతుంది. ఎఫ్ 5.6, పొద్దుటి పక్క వెలుతురు, అంతే. వరంగల్ కోట దగ్గర కీర్తితోరణానికి కూడా వెడల్పు లెన్సే కావాలి. కానీ తోరణం అంచు నుంచి సూర్యుడు తొంగిచూసే వేళ ఫిఫ్టీని ఎఫ్ 11 పెట్టి తీసి చూడండి. దీని అపర్చర్‌కు ఏడు రేకులు, బేసి సంఖ్య కాబట్టి సూర్యుడి చుట్టూ పద్నాలుగు కిరణాలు వస్తాయి. ఎఫ్ 16 దాటి పోవద్దు. రంధ్రం మరీ చిన్నదైతే కాంతి అంచుల దగ్గర వంగి చెదురుతుంది, రాతి మీద చెక్కడం మెత్తబడుతుంది.

లెన్స్ కట్టుబడి ధరకు మించి ఉంది. బరువు 160 గ్రాములు, వెనక బిగించే భాగం లోహం. 35 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది. జంపఖానా అల్లిక చూపించడానికి అది చాలా ఉపయోగం, కానీ అంత దగ్గరలో ఎఫ్ 1.8 పెడితే లోతు మూడు మిల్లీమీటర్లే, కాబట్టి ఎఫ్ 8. ఫోకస్ వేగం ఫర్వాలేదు. 1500డిలో తొమ్మిది ఫోకస్ పాయింట్లున్నా చీకట్లో మధ్య పాయింటునే నమ్మండి. వీడియో తీస్తే కెమెరా మైకులో మోటారు సన్నటి శబ్దం వినిపిస్తుంది. స్టెబిలైజేషన్ లేదు, చేత్తో పట్టుకుని 1/80 కన్నా కిందికి వెళ్తే ఊపిరి బిగబట్టాలి.

ఇంకో సంగతి కొత్తవాళ్ళను గాబరా పెడుతుంది. ఎఫ్ 8 పెట్టినా వ్యూఫైండర్‌లో వెనక మసకగానే కనబడుతుంది. లెన్స్ పాడైందనుకోకండి. బటన్ నొక్కిన క్షణంలోనే రేకులు మూసుకుంటాయి, అప్పటిదాకా మనం చూసేది తెరిచిన అపర్చర్‌నే. తీశాక స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోవాలి.

జాగ్రత్త అంతా ముందు గొట్టం దగ్గర. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తే అది కొంచెం బయటికి వస్తుంది. అలాగే కెమెరా ఆపేసి సంచిలో కుక్కితే లోపలి పళ్ళచక్రాల మీద ఒత్తిడి పడుతుంది. ఆపే ముందు ఒకసారి దూరంగా ఉన్న గోడ మీద ఫోకస్ చేస్తే లోపలికి వెళ్ళిపోతుంది. హుడ్ విడిగా కొనాలి, దాని పేరు ఈఎస్-68. నాకైతే హుడ్, 49 ఎంఎం ఫిల్టర్ రెండూ తప్పనిసరి. మగ్గం గదిలో నూగు, మిర్చి యార్డులో కారం దుమ్ము అద్దం మీద పడితే తుడవడమే పెద్ద పని. ముందు గాలితో ఊది, తర్వాతే మెత్తని బట్ట. చున్నీతో తుడవొద్దు.

కొత్తది పది వేలకు కొంచెం అటూ ఇటూ దొరుకుతుంది. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తుంది, నాదీ అలా కొన్నదే. అయితే మొదట నేను వెళ్ళిన చోట పాత రకం లెన్స్‌ను ఇదే అని చూపించారు. 1990లో వచ్చిన ఆ పాత ఎఫ్ 1.8 టూ (II) వేరు, 2015లో వచ్చిన ఈ ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు రకం) వేరు. పాతదానికి వెనక ప్లాస్టిక్, ఫిల్టర్ 52, రేకులు ఐదే, ఫోకస్ అయ్యే దగ్గరి దూరం 45 సెంటీమీటర్లు, మోటారు గీపెడుతుంది. అద్దం చుట్టూ ఉన్న రింగు మీద ఎస్‌టీఎం అన్న అక్షరాలు చదవండి. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి పోగులుంటే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. మన వానాకాలం తేమకు బీరువాలో పెట్టిన లెన్స్‌లకు అది తొందరగా పడుతుంది. నేను సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి దూరని డబ్బాలో పెడతాను.

నికాన్ డీ3500 లాంటివి ఉన్నవాళ్ళు వాళ్ళ ఫిఫ్టీలలో పేరు చూసి కొనాలి. డీ అని ఉన్న పాత రకం ఆ కెమెరాల మీద ఆటో ఫోకస్ అవ్వదు, ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే కావాలి. కెనాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ఉంటే వాటి కోసం 2020లో వచ్చిన ఆర్ఎఫ్ ఫిఫ్టీ నేరుగా తీసుకోవడం మేలు.

మీరు తీసేవి ఎక్కువగా ఇరుకు గదులైతే, ఇల్లు, వంటగది, చిన్న కొట్టు లాంటివైతే, ఫిఫ్టీ కన్నా ముందు కెనాన్ 24 ఎంఎం ఎఫ్ 2.8 చూడండి. వెలుతురు ఫిఫ్టీలో సగానికన్నా తక్కువే ఇస్తుంది, కానీ గది పడుతుంది. మా ఇంట్లో మగ్గం మీద బాపు, గుమ్మం పక్కన రాట్నం దగ్గర అమ్మ ఒకే ఫ్రేములో రావాలంటే ఫిఫ్టీతో నేను గోడ అవతలికి వెళ్ళి నిలబడాలి. దసరా సీజన్ పెళ్ళిళ్ళ డబ్బు చేతికొస్తే నేను కొనేది అదే.